శరదృతుచర్య – మన నేలకు తగిన ఆరోగ్య విధానం

దసరా సెలవులు ముగిసి విద్యార్థులు తిరిగి వసతి గృహానికి చేరుకొనే రోజులలో మన తరగతి గదులలో ఏటేటా ఒక విశేషం కనిపిస్తుంది. జూలై, ఆగస్టు మాసాలలో వానలు ఎడతెరపి లేకుండా కురిసినప్పుడు సైతం నిండుగా ఉన్న హాజరు పట్టిక, ఆకాశం తేటపడి, కుంటలు నిండి, పైర్లు కన్నుల పండువుగా ఉన్న అక్టోబరులో పలచబడిపోతుంది. ఒకరికి కడుపులో మంట, ఒకరికి నోటి పూత, మరొకరికి కళ్లు ఎర్రబడి తలనొప్పి, ఇంకొకరికి జ్వరం. సంవత్సరం మొత్తంలో ప్రకృతి ఇంత అందంగా ఉండే కాలం మరొకటి లేదు. విద్యార్థులు ఇంతగా మంచం పట్టే కాలమూ మరొకటి లేదు. పరీక్షలు దగ్గరలోనే ఉండుటచేత ఈ నష్టం ఆరోగ్యంతో ఆగిపోక చదువు మీద కూడ పడుతున్నది.

ఇది ప్రాచీనులకు తెలియని సంగతి కాదు. శరత్తు వైద్యులకు తల్లి వంటిదని ఆయుర్వేద పండితులలో ఒక చమత్కారోక్తి ఉన్నది. రోగులను తెచ్చియిచ్చి వైద్యుని పోషించేది ఆ ఋతువేనని దాని తాత్పర్యం. తెలుగు బోధించే మావంటి వారు శరత్తు అనగానే వెన్నెలను, వికసించిన కలువలను తలచుకొంటాము. నన్నయ భట్టారకుడు భారతంలో చివరగా రచించిన పద్యం శరద్రాత్రి వర్ణనమేనని సంప్రదాయం చెప్పుచున్నది. ఆ వెన్నెల వద్దనే ఆయన గంటం ఆగిపోయినది. కవి చూచిన శరత్తునే వైద్యుడు మరొక వైపు నుండి చూచినాడు. ఆ రెండవ చూపును గూర్చి నాలుగు మాటలు చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం. మేము వైద్యులము కాము. చదివినది, అనుభవించినది, ఈ ప్రాంతంలో కంటబడినది మాత్రమే చెప్పగలము.

ముందుగా మా అనుభవం. మేము ఈ ప్రాంతానికి ఉపన్యాసకులుగా వచ్చిన మొదటి సంవత్సరం, ఆబిడ్స్‌లో ఆదివారం పూట రోడ్డు ప్రక్కన పరచి అమ్మే పాత పుస్తకాలలో ఆయుర్వేద జీవన విధానాన్ని గూర్చి విదేశంలో అచ్చయిన ఒక ఆంగ్ల గ్రంథం దొరికినది. అచ్చు అందంగా ఉన్నది, వెల చౌక. అప్పుడు అక్టోబరు మాసం కాబట్టి శరత్కాలపు అధ్యాయమే మొదట చదివితిమి. ఈ కాలంలో చలిగాలి వీచును, ఆకులు ఎండి రాలును, దేహంలో కూడ అట్టి పొడితనమే ప్రబలి వాతం పెచ్చరిల్లును, కావున నువ్వుల నూనెతో ఒళ్లంతా మర్దించుకొని, ఉప్పు, పులుపు కలిసిన వేడివేడి బరువైన ఆహారం తినవలెనని అందులో ఉన్నది. పది పన్నెండు రోజులు అక్షరం తప్పక ఆచరించితిమి. అరచేతులు, అరికాళ్లు మంటలు. నోటి నిండ పూత. రాత్రి నిద్ర లేదు. పగలు అకారణంగా కోపం. తరగతిలో ఒక విద్యార్థి చిన్న సందేహం అడిగితే కసురుకొంటిమి. ఆ అబ్బాయి ఆ సంవత్సరమంతా మరల సందేహం అడుగలేదు. నోటి పూత వారంలో మానినది గాని ఆ సంగతి ఇప్పటికిని మా మనస్సులో మానలేదు.

పాతబస్తీలో మా తండ్రిగారికి పరిచయమున్న ఒక వృద్ధ హకీము గారి వద్దకు వెళ్లితిమి. ఆయన నాడి చూచి, తిన్నదంతా విని, నవ్వి, "బేటా, నీవు పాటించినది ఏ దేశపు ఖరీఫు?" అని అడిగినారు. ఆ ఒక్క ప్రశ్నయే మాకు అసలు చికిత్స అయినది.

ఆ విదేశీ గ్రంథం వ్రాసినవారు తప్పు వ్రాయలేదు. తమ ఊరి సంగతి వ్రాసినారు. చలి దేశాలలో సెప్టెంబరు దాటగానే ఎండ చచ్చిపోయి, గాలి పొడిబారి, చెట్లు మోడులగును. ఆ కాలానికి ఆంగ్లంలో ఉన్న పేరును మనవారు శరత్తు అని అనువదించుకొన్నారు. కొన్ని పాఠ్యపుస్తకాలలో ఆకురాలు కాలమని కూడ కనిపిస్తుంది. చేవెళ్లలో అక్టోబరు మాసంలో ఏ ఆకు రాలుచున్నదో చూపుమని అడిగితే ఏ రైతుబిడ్డయైన నవ్వును. మన వేప, రావి, మోదుగ చెట్లు ఆకు రాల్చేది శిశిరంలో, అనగా ఫిబ్రవరి, మార్చి మాసాలలో. అక్టోబరులో ఇక్కడ తంగేడు పూచును, గునుగు పూచును, గెట్ల మీద గడ్డి మోకాలి ఎత్తు ఉండును. ఇది ఎండిపోయే కాలం కాదు, నానిన నేల మీద ఎండ పడే కాలం.

ఇదే విషయాన్ని చరక సంహిత సూత్రస్థానంలోని ఆరవ అధ్యాయం, వాగ్భటుని అష్టాంగ హృదయంలోని ఋతుచర్యాధ్యాయం స్పష్టంగా వివరించుచున్నవి. గ్రీష్మంలో కూడిన వాతం వర్షాకాలంలో ప్రకోపించి, శరత్తులో శమించును. వర్షాకాలంలో నీరు, ధాన్యం, కూరలు ఆమ్లగుణం పొందుటచే పిత్తం మెల్లమెల్లగా కూడబెట్టబడును. అయితే చల్లదనం దానిని అణచి ఉంచును. మబ్బులు విడిపోయి సూర్యకిరణాలు ఒక్కసారిగా తాకగానే, తడిసిన దేహానికి ఆ వేడి సరిపడక, నిలువయున్న పిత్తం పైకి లేచును. కాబట్టి శరత్తు పిత్తప్రకోప కాలం. మా ఆంగ్ల గ్రంథం వాతమన్నది, మన శాస్త్రం పిత్తమన్నది. పిత్తం మండుచుండగా మేము నూనె, ఉప్పు, పులుపు వేసి మరింత మండించితిమి.

మన వాతావరణం కూడ ఈ మాటకు సరిపోవుచున్నది. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమిలో ఆగస్టు పగటి ఉష్ణోగ్రత సగటున 29, 30 డిగ్రీలు. అక్టోబరులో 30, 31. ఉష్ణమాపకం చూపే తేడా స్వల్పమే. కాని ఆగస్టులో మబ్బు గొడుగు వలె ఉండును, అక్టోబరులో ఆ గొడుగు లేదు. రాత్రి మాత్రం 20 డిగ్రీలకు దిగును. పగలు చెమట, తెల్లవారుజామున మంచు. ఒకే రోజులో దేహం రెండు ఋతువులను దాటవలసి ఉన్నది.

ఇక హకీము గారు వాడిన ఖరీఫు అనే మాట. ఇది అరబ్బీ పదం. అక్కడ దీనికి అర్థం శరత్కాలమే. మొగలాయీల రెవెన్యూ లెక్కల ద్వారా మన దేశంలో శరత్తులో కోతకు వచ్చే పంటకు ఈ పేరు స్థిరపడినది. మన మండల వ్యవసాయ కార్యాలయంలో ఖరీఫు అంటే జూన్‌లో విత్తే వానాకాలపు పంట. అట్లే రబీ అంటే అరబ్బీలో వసంతం. మన రైతుకు చలికాలపు జొన్న, శనగ. మాట ఒకటే, అది దిగిన నేల మారగానే కాలం మారినది. యునానీ వైద్యంలో రక్తం, బల్గం, సఫ్రా, సౌదా అని నాలుగు ధాతురసాలు. ఖరీఫు చల్లనిది, పొడిది, కావున సౌదా అనే నల్లపిత్తం ప్రబలే కాలమని గ్రీకుల నుండి వచ్చిన మాట. గ్రీసు దేశానికి అది సత్యం. అయితే గాలులు, నీళ్లు, ప్రదేశాలు అనే విషయం మీద హిపోక్రటీసు పేరున ఉన్న గ్రంథమే, క్రొత్త ఊరికి వెళ్లిన వైద్యుడు మొదట ఆ ఊరి గాలిని, నీటిని, ఋతువులను పరిశీలించవలెనని బోధించుచున్నది. మా హకీము గారు చేసినది అదే. ఆ రోజు ఆయన మాకు వ్రాసియిచ్చినది సఫ్రాను, అనగా వేడిగల పసుపుపిత్తాన్ని, చల్లబరచే పథ్యం. ఆయుర్వేద వైద్యుడు వ్రాసియున్నను దాదాపు అదే వ్రాసేవాడు.

ఈ రెండు వైద్యాల మధ్య రాకపోకలు క్రొత్తవి కావు. అబ్బాసీల కాలంలో చరక, సుశ్రుత సంహితలు బగ్దాదుకు చేరి అరబ్బీలోకి వచ్చినవి. అలీ ఇబ్న్ రబ్బన్ అల్ తబరీ క్రీ.శ. 850లో పూర్తి చేసిన ఫిర్దౌసుల్ హిక్మత్ అనే గ్రంథంలో భారతీయ వైద్యానికి ప్రత్యేకంగా ఒక భాగమే ఉన్నది. హైదరాబాదులో చార్మినారు ప్రక్కన నిజామియా యునానీ వైద్యశాల, ఎర్రగడ్డలో ఆయుర్వేద కళాశాల రెండును ఉన్నవి. మన ఈ సంచికలో ఉర్దూ విభాగం కుడి నుండి, తెలుగు విభాగం ఎడమ నుండి మొదలై నడుమ కలిసికొన్నట్లే ఇదియును.

ఇక్కడ నక్షత్రాన్ని గూర్చి ఒక మాట చెప్పక ఉండలేము. శరత్కాలపు నీరు పగలు సూర్యునిచే కాగి, రాత్రి చంద్రునిచే చల్లబడి, అగస్త్య నక్షత్రోదయంతో నిర్విషమగునని, అట్టి నీటికి హంసోదకమని పేరని చరకుడు చెప్పినాడు. ఆ అగస్త్య నక్షత్రమే అరబ్బులు సుహైల్ అని పిలిచే చుక్క. ఆగస్టు చివర సుహైల్ కనిపించగానే ఎడారివాసులు వేసవి వేడిమి విరుగుచున్నదని సంతోషింతురు. అదే చుక్క అక్కడ వేడి తగ్గుటకు గుర్తు, ఇక్కడ వానల తరువాతి ఎండకు గుర్తు. అక్టోబరు నడుమ ఫజర్ వేళకు ముందు వసతి గృహం డాబా మీదికి వెళ్లి దక్షిణ దిక్కుకు చూడండి. బాగా ప్రకాశించే మృగవ్యాధ నక్షత్రానికి క్రిందుగా, నేలకు దగ్గరగా, తెల్లగా మెరయునదే అది. కాని హంసోదకమని కుంటలోని నీరు త్రాగరాదు. ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. 1908 సెప్టెంబరు 28న మూసీనది చేసిన ప్రళయం పిమ్మట కట్టినవి. మొయినాబాదు ఆ రెండింటి నడుమ ఉన్నది. అట్టి చోట ఉన్నను మనం త్రాగవలసినది కాచి చల్లార్చిన నీరే. వానలకు కొట్టుకొని వచ్చిన మురికి బావులలోను, బోర్లలోను చేరియుండే కాలమిది.

ఆహారం సంగతికి వత్తము. తీపి, చేదు, వగరు రుచులు పిత్తాన్ని శమింపజేయును. పులుపు, ఉప్పు, కారం రెచ్చగొట్టును. ఇది తెలిసిన పిమ్మట పట్టిక కంఠస్థం చేయనక్కరలేదు. పాత బియ్యం, గోధుమ, పెసరపప్పు, చేదుపొట్ల, ఉసిరి, తేనె, చక్కెర, నెయ్యి శరత్తుకు మంచివని వాగ్భట చరకుల మాట. పెరుగు, నూనె, క్రొవ్వు, క్షారం, పగటి నిద్ర, ఎండ, మంచు, తూర్పు గాలి వర్జ్యాలు. పెరుగు వద్దనుట మన విద్యార్థులకు కష్టం. పలుచని మజ్జిగతో సరిపెట్టుకొనవచ్చునని పెద్దలు అంటారు.

శాస్త్రంలో లేనివి మన వంటింట్లో చాల ఉన్నవి. మిరపకాయ, టమాట చరకుడు ఎరుగడు. రెండును అమెరికా ఖండం నుండి వచ్చినవి. చేవెళ్ల కూరగాయల మార్కెట్టులో బుట్టలకొద్ది కనిపించే టమాటను చూచి ఆయన ఏమనెడివాడో! సీతాఫలం కూడ ఆ ఖండానిదే. ఐనను ఈ ఋతువులోనే మన గుట్టల మీద విరివిగా పండి, తీపిగా, చలువగా ఉండుటచే మన ప్రజలు దానిని శరత్తుకు తగిన పండుగానే స్వీకరించినారు. కాబట్టి జాబితాలో పేరు లేనంత మాత్రాన ఒక పదార్థాన్ని త్రోసివేయనక్కరలేదు, గుణం చూడవలెను. ఆ లెక్కన టమాట పులుపు, మిరప కారం. ఈ రెండు మాసాలు వాటిని సగానికి తగ్గించుట మంచిది. బీర, సొర, పొట్ల, కాకర, పాలకూర చేవెళ్లలో దొరుకుచున్నవి, ధర కూడ విద్యార్థికి అందనిది కాదు.

మాంసాహారుల మాట ఏమని మా విద్యార్థులు అడుగుదురు. ఆయుర్వేదమంటే శాకాహారమని చాలమంది అపోహ. శరత్తులో తినదగిన వాటిలో చరకుడు లావుక పిట్టలు, జింక, కుందేలు మాంసాలతోపాటు గొర్రె మాంసాన్ని కూడ చెప్పినాడు. నీటి జంతువుల మాంసం మాత్రం వద్దన్నాడు. దోషం మాంసంలో కంటె మనం దట్టించే మసాలాలోను, తేలియాడే నూనెలోను ఉన్నది. హైదరాబాదీ ఇండ్లలో తురాయి గోష్తు, కద్దూ గోష్తు వండుదురు గదా. బీరకాయతో, సొరకాయతో గొర్రె మాంసం! ఋతుచర్య చదివి వండినట్లున్నది. సొరకాయ పాయసం, అదే కద్దూకీ ఖీర్, ఈ కాలానికి దానిని మించిన తీపి లేదు. ప్రవక్త (స) వారు సొరకాయను ఇష్టంగా తినేవారని అనస్ (ర) గారి ఉల్లేఖనం హదీసులలో ఉన్నది. ఎంత తినవలెననే విషయంలో కూడ రెండు సంప్రదాయాలు దగ్గరదగ్గరగా వచ్చినవి. కడుపులో మూడవ వంతు అన్నానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు శ్వాసకు అని హదీసు తాత్పర్యం; రెండు పాళ్లు అన్నానికి, ఒక పాలు ద్రవానికి, ఒక పాలు గాలికి అని వాగ్భటుని లెక్క. పాళ్లలో కొంచెం తేడా, ఖాళీ ఉంచవలెనన్న మాటలో తేడా లేదు.

చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది కాబట్టి రంజాన్ మాసం ఋతువులన్నిటిని చుట్టి వచ్చును. 2006, 2007 సంవత్సరాలలో అది సరిగ్గా ఈ రోజులలోనే వచ్చినది. మేము అప్పుడు విద్యార్థులము. దినమంతా ఉపవాసముండి ఇఫ్తారులో మిరపకాయ బజ్జీలు, వేడి చాయ్ పట్టించి, తరావీహు నమాజులో కడుపు మంటతో మెలికలు తిరిగిన మిత్రులు మాకు తెలుసు. ఖర్జూరం, దానిమ్మ, సబ్జా షర్బతు ఉండగా బజ్జీ మీదనే చేయి పోవుట వయసు ధర్మం కాబోలు. 2036 నుండి కొన్ని సంవత్సరాలు రంజాన్ మరల అక్టోబరు ప్రాంతానికి రానున్నది. నేటి విద్యార్థులు అప్పటికి గృహస్థులై ఉందురు.

వ్యాయామం విషయంలో శాస్త్రం చెప్పే మాట మన క్రీడా విభాగానికి రుచింపక పోవచ్చును. చలికాలంలోను, వసంతంలోను బలవంతుడు తన శక్తిలో సగం మేర శ్రమింపవచ్చును. తక్కిన ఋతువులలో అంతకంటె మెల్లగానే చేయవలెను. నుదుట, చంకలలో చెమట పుట్టి, నోటితో గాలి పీల్చుకొనే స్థితి వచ్చినప్పుడు సగం శక్తి ఖర్చయినదని గుర్తు. అక్టోబరు పగలు మూడు గంటల ఎండలో కబడ్డీ అభ్యాసం, కవాతు చేయించుట ఈ మాటకు పూర్తిగా విరుద్ధం. ఉదయం సూర్యోదయం నుండి ఒక గంట, సాయంకాలం అసర్ దాటిన తరువాత అరగంట చాలును. పరుగు కంటె నడక మేలు.

నడచుటకు ఈ ప్రాంతం వంటిది హైదరాబాదు వారికి లేదు. బీజాపూరు రహదారికి ఇరువైపుల ఉన్న మర్రిమానులను రోడ్డు విస్తరణ నుండి కాపాడుటకు ఎందరో పోరాడిన సంగతి విదితమే. ఆ నీడలు చల్లనివే గాని నేడు ఆ దారిన లారీల ఉధృతి ఎక్కువ. విద్యార్థులు చేల గెట్లనే ఆశ్రయించుట క్షేమం. చిలుకూరులో 1994లో ఏర్పడిన మృగవని జాతీయ ఉద్యానవనం ఉన్నది. అదే చిలుకూరులో బాలాజీ ఆలయానికి వచ్చే భక్తులు కోరిక కోరునప్పుడు 11, అది నెరవేరిన పిమ్మట 108 ప్రదక్షిణలు చేయుట అందరు ఎరిగినదే. భక్తి సంగతి వారిది. నడక దృష్టితో చూచినను 108 చుట్లు సామాన్యం కాదు. ఇక బతుకమ్మ. మహాలయ అమావాస్య నుండి తొమ్మిది రోజులు స్త్రీలు సాయంకాలం చల్లబడిన తరువాత చప్పట్లు చరుచుచు, వంగుచు లేచుచు వలయంగా తిరుగుదురు. అలసట రానంత మందగతి, వేళ సాయంకాలం, స్థలం చెరువు గట్టు. శరత్తులో మందంగా శ్రమింపుమన్న శాస్త్ర వాక్యానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానం మాకు కనబడలేదు. ఆ పండుగకు రొట్టెలో బెల్లం కలిపి చేసే మలీదనే మా ఇండ్లలో ఫాతెహాకు కూడ చేయుదురు. చిన్నప్పుడు మాకు ఆశ్వయుజంలో రెండు వైపుల నుండి మలీద ముద్దలు అందేవి.

ఇక మనస్సు. పిత్తానికి, కోపానికి ఉన్న చుట్టరికం రెండు వైద్యాలును ఒప్పుకొన్నవే. ఇబ్న్ సీనా (980–1037) సంప్రదాయంలో ఆరోగ్యానికి తప్పనిసరియైన ఆరు కారణాలలో గాలి, అన్నపానాలు, దేహపు కదలిక విశ్రాంతులు, నిద్రా మెలకువలు, విసర్జనలతోపాటు మనస్సు యొక్క కదలికయు, విశ్రాంతియు కూడ ఉన్నవి. మనస్సుకు విశ్రాంతి అనేది పారలౌకిక విషయం మాత్రమే కాదు, అన్నం వలె దేహానికి అవసరమని భావం. చరకుడు ఈ ఋతువుకు విధించినది చాల సులభం. శుభ్రమైన తెల్లని వస్త్రాలు ధరించి, సాయంసంధ్య దాటిన తొలిజాములో వెన్నెలలో కూర్చుండుట. అంతే.

మా సలహా ఇది. మగ్రిబ్ అయిన తరువాత, భోజనానికి ముందు, పదిహేను నిమిషాలు ఆరుబయట కూర్చుండండి. వెన్ను నిటారుగా ఉంచి, గాలి మెల్లగా పీల్చి, పీల్చిన దానికంటె ఎక్కువ సేపు విడువండి. నాలుకను గొట్టం వలె చుట్టి గాలి పీల్చే శీతలి ప్రాణాయామం పిత్తానికి మంచిదని యోగశాస్త్రజ్ఞులు చెప్పుదురు. జలుబు, ఆయాసం ఉన్నవారు దాని జోలికి పోరాదు. ఒకరు దీనిని ధ్యానమందురు, సూఫీలు మురాఖబా అందురు, మరొకరు మౌనంగా తస్బీహు త్రిప్పుదురు. ఎవరి మార్గం వారిది. ఆ పదిహేను నిమిషాలు సెల్‌ఫోను మాత్రం గదిలో ఉండవలెను. మేము ఈ పని మొదలుపెట్టిన సంవత్సరం మొదటి వారమంతా కసురుకొన్న ఆ విద్యార్థి ముఖమే ఎదుట నిలిచినది. అతనిని పిలిచి క్షమాపణ చెప్పుకొనుటకు మరి రెండు వారాలు పట్టినది.

కార్తికం నడుమ దాటగానే లెక్క మారును. నవంబరులో రాత్రి ఉష్ణోగ్రత 16 డిగ్రీల ప్రాంతానికి దిగి, గాలి పొడిబారి, పెదవులు పగులును. ఒక ఋతువు చివరి ఏడు రోజులు, రాబోయే ఋతువు మొదటి ఏడు రోజులు ఋతుసంధి; ఆ పక్షంలో పాత అలవాటును ఒక్కసారిగా విడువక కొద్దికొద్దిగా మార్చుకొనవలెనని వాగ్భటుడు చెప్పినాడు. శార్ఙ్గధరుడు కార్తికంలో చివరి ఎనిమిది, మార్గశిరంలో మొదటి ఎనిమిది రోజులను యమదంష్ట్ర అన్నాడు, అనగా యముని కోర. అప్పుడు మితంగా తిన్నవాడే బ్రతుకునట. ఉసిరికాయ పండేదియు ఆ రోజులలోనే. పుల్లనిదైనను పిత్తాన్ని అణచేదని దానికి ప్రత్యేక గౌరవం. డిసెంబరు వచ్చిన పిమ్మట నువ్వుల నూనె మర్దన, వేడి పులుసు, బరువైన భోజనం మనకు కూడ పనికివచ్చును. ఆ ఆంగ్ల గ్రంథాన్ని మేము పారవేయలేదు. ఏటా డిసెంబరులో తీసి చదువుకొందుము.

జ్వరం విషయంలో మాత్రం పథ్యంతో కాలయాపన చేయరాదు. సర్ రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. వానలు కురిసి నీళ్లు నిలిచే ఈ కాలపు జ్వరాలకు దోమయే కారణమన్న సత్యం మన పొరుగుననే బయటపడినది. నేడు మలేరియా కంటె డెంగీ భయం ఎక్కువ. దానిని తెచ్చే దోమ పగటి పూట కుట్టును, శుభ్రమైన నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టును. జ్వరం వచ్చిన వెంటనే వైద్యుని చూచి రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఒళ్లు నొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు స్వయంగా మ్రింగరాదు. అవి రక్తస్రావాన్ని పెంచగలవు. జ్వరం తగ్గిన మొదటి ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదం. ఆ సమయంలో తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం కనిపిస్తే అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పోవలసినదే. శరత్తుకు శాస్త్రంలో విరేచనాది శోధన చికిత్సలు ఉన్నవి గాని అవి వైద్యుని పర్యవేక్షణలో జరుగవలసినవి. విద్యార్థులు అంగడిలో కొన్న చూర్ణాలతో ప్రయోగాలు చేయరాదు.

కళాశాల పాలక సంఘం వారికి కొన్ని మనవులు. ఆశ్వయుజ, కార్తిక మాసాలలో భోజనశాలలో వారానికి నాలుగు రోజులైనను ఖట్టీ దాల్‌కు బదులు పెసరపప్పు, మిర్చీ కా సాలన్‌కు బదులు బీర, సొర, పొట్లకాయ కూరలు వండించవలెను. రాత్రి పెరుగు మాని పగలు మజ్జిగ ఇవ్వవలెను. శుక్రవారపు మాంసాహారంలో మసాలా తగ్గించి సొరకాయ చేర్చుటకు అదనపు ఖర్చు లేదు, మాంసం కొంత కలిసివచ్చును కూడ. కవాతు, క్రీడాభ్యాసాలు ఉదయానికి మార్చవలెను. మగ్రిబ్ తరువాత డాబా తలుపు అరగంట తెరచి ఉంచుటకు వార్డెను గారికి అనుమతి ఇవ్వవలెను. త్రాగునీరు కాచుటకు మరియొక పెద్ద పాత్ర కావలెను. గ్రుడ్డు నుండి దోమ వెలువడుటకు వారం పది రోజులు పట్టును కాబట్టి, డాబా మీది రెండు నీటి తొట్లకు మూతలు బిగించి, ప్రతి శుక్రవారం ఉదయం జుమా స్నానాలకు ముందు వాటిని ఖాళీ చేసి తోమించవలెను. ప్రస్తుతం వాటిలో ఒకదానికి మూత లేదు.